చుట్టింది చెయ్యా, యంత్రమా?

బత్తలపల్లె కూడలిలో బస్సు దిగితే ఒక దారి అనంతపురానికి, ఒకటి కదిరికి, ఇంకొకటి ధర్మవరానికి పోతాయి. ఆ కూడలిలో ఒక బంకు దగ్గర టీ తాగుతుంటే ఒక ముసలాయన వచ్చి బీడీల కట్ట కొన్నాడు. కట్టలోంచి ఒక బీడీ లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నలిపాడు. సన్నగా గలగలమంది. బాగా ఎండిందన్న మాట. లావు కొసను గోటితో కొంచెం సరిచేసి, సన్న కొసను పెదాల మధ్య పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. రెండు దమ్ములు లాగాక మాటల్లో పడ్డాడు. మాట ముగిసేసరికి బీడీ ఆరిపోయింది. మళ్లీ పుల్ల గీశాడు.

నేను పొగాకు పన్నుల గురించి రాస్తున్నానని తెలిసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "దీనికి గూడా పన్నుందా అప్పా?"

ఉంది. అయితే ఎంత పన్ను వేయాలో తేల్చడానికి ప్రభుత్వం చాలా ఏళ్లపాటు బీడీని ఒక విచిత్రమైన ప్రశ్న అడిగింది. నీలో ఎంత పొగాకు ఉందని అడగలేదు, నీ పొగలో ఎంత విషముందని అడగలేదు. నిన్ను చుట్టింది చెయ్యా, యంత్రమా అని అడిగింది. ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న గురించే. పొగాకును చుట్టే పనిలో ఉన్న భౌతికశాస్త్రం, చుట్టినదాన్ని కొలిచి వేసే పన్ను, ఈ రెండూ కలిసి మనుషుల ఊపిరితిత్తుల్లోకి ఎలా చేరుతాయో చూద్దాం.

ముందు చుట్ట సంగతి. మన వైపు పొగాకును చుట్టడానికి అన్నిటికంటే ముందు పుట్టిన పరికరం అరచేయి. ఆరబెట్టిన ఆకును కొంచెం తడిపి, ఈనె తీసేసి, ముక్కలను లోపల పెట్టి, మంచి ఆకును పైన చుట్టి, తొడ మీదనో అరచేతుల మధ్యనో దొర్లిస్తే చుట్ట తయారు. కాగితం వద్దు, జిగురు వద్దు. తడి ఆకు ఆరేకొద్దీ ముడుచుకుని తనను తానే బిగించుకుంటుంది. చెకుముకి రాయి, ఉక్కు ముక్క, ఇంత దూది ఉంటే నిప్పు సిద్ధం. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు ఈ చుట్టలకు పేరుపడింది. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి 1971లో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, ఆ అలవాటు అంగిలి మీద ఎలాంటి పుండ్లు, మచ్చలు తెస్తుందో ప్రపంచానికి చూపించారు.

చుట్ట తాగేవాడు పొగను సాధారణంగా గుండెల నిండా పీల్చడు, నోట్లోనే ఆడించి వదులుతాడు. సిగరెట్ తాగేవాడు లోపలికి లాగుతాడు. ఈ తేడా అలవాటులోంచి వచ్చింది కాదు, ఆకును ఎండబెట్టే పద్ధతిలోంచి వచ్చింది. గాలికి, నీడకు నెమ్మదిగా ఆరిన ఆకులో చక్కెరలు దాదాపు ఖర్చయిపోతాయి, దాని పొగ క్షారగుణంతో ఉంటుంది. క్షార పొగలో నికోటిన్ స్వేచ్ఛగా ఉండి నోటి చర్మంలోంచే రక్తంలోకి దిగుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బ్యారన్లలో వేడి గొట్టాల సెగకు ఎండబెట్టే వర్జీనియా పొగాకు సంగతి వేరు. ఆ వేడి ఆకు ప్రాణక్రియలను తొందరగా ఆపేస్తుంది, చక్కెరలు ఆకులోనే మిగిలిపోతాయి, పొగ కొంచెం ఆమ్లగుణంతో వస్తుంది. ఆమ్ల పొగలోని నికోటిన్‌ను నోరు సరిగా పీల్చుకోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతేనే పనిచేస్తుంది. గొంతుకు మెత్తగా ఉండడం వల్ల లోపలికి లాగడమూ సులువే. గుంటూరులో ఈ వర్జీనియా సాగు 1920లో మొదలైంది. ఆ బ్యారన్ల సెగే సిగరెట్‌ను ఊపిరితిత్తుల వస్తువుగా మార్చింది.

చేతికి సాయంగా మనిషి చేసుకున్న చిన్న చుట్టుడు పరికరం గురించి ఇప్పుడు. ఇది చాలా దేశాల్లో జేబుల్లో ఉంటుంది. కొన్నది కాకపోతే ఇంట్లో చేసుకున్నది. ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని నేనూ ఒకటి చేసి చూశాను. పొగాకు వాడలేదు. మా వైపు దండిగా దొరికే బుడ్డల (వేరుశనగ) పొట్టును నలగ్గొట్టి వాడాను. నాలుగు వేళ్ల వెడల్పున్న నేత గుడ్డ పట్టీ ఒకటి, నున్నటి పెన్సిల్ ఒకటి, రేకు డబ్బా మూత ఒకటి. మూతకు పక్కన సన్నగా ఒక చీలిక పెట్టాను. పట్టీని మూత మీద పరిచి, మధ్యలో చిన్న పల్లం చేసి, అందులో పొట్టు పోసి, వెనక అంచులో పెన్సిల్ పెట్టి ముందుకు దొర్లించాను. గుడ్డ ఒక ఉచ్చులాగా పొట్టును చుట్టుకుంది. మొదటి రెండుసార్లు పొట్టంతా ఒళ్లో పడింది. మూడోసారి లోపల ఒక కడ్డీ తయారైంది, చిటికెనవేలంత.

అందులో ముచ్చటైన భౌతికశాస్త్రం ఉంది. పట్టీని ఒకవైపు లాగితే కడ్డీకి ఒక పక్క గుడ్డ పైకి, మరో పక్క కిందికి కదులుతుంది. రెండు వైపులా ఘర్షణ ఎదురెదురు దిక్కుల్లో లాగడంతో కడ్డీ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పెరుగు చిలికేటప్పుడు కవ్వానికి చుట్టిన తాడు చేసే పని ఇదే. గుడ్డ బిగువు కడ్డీని చుట్టూ సమానంగా నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎంత అన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: గుడ్డను ఎంత బిగువుగా లాగాం, కడ్డీ ఎంత సన్నం. అదే బిగువుకు కడ్డీ సగం సన్నమైతే ఒత్తిడి రెట్టింపు. అందుకే లావు మోపును ఎంత బలంగా కట్టినా మధ్యలో గడ్డి వదులుగానే ఉంటుంది, సన్న మోపు మాత్రం కర్రలాగా బిగుసుకుంటుంది. తిరిగేకొద్దీ అడ్డంగా ఉన్న పోగులు పక్కకు ఒరిగి నిలువునా సర్దుకుంటాయి. చాపలో పుల్లలు వేసి చుట్టినా అంతే.

ఈ బిగింపు మరీ ఎక్కువైతే గాలి దూరదు, దమ్ము రాదు. తక్కువైతే నిప్పు గబగబా పాకుతుంది, నుసి బట్టల మీద రాలుతుంది. ఆ మధ్య మార్గం ఎక్కడుందో చుట్టేవాళ్ల వేళ్లకు తెలుసు. 19వ శతాబ్దంలో అమెరికా కార్ఖానాల్లో చేయి తిరిగిన మనిషి నిమిషానికి నాలుగైదు సిగరెట్లు చుట్టేవాడు. ఆ వేళ్లను యంత్రంతో ఓడించాలని 1875లో ఒక కంపెనీ 75,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. వర్జీనియాకు చెందిన జేమ్స్ బాన్‌సాక్ అనే యువకుడు 1881లో పేటెంట్ పొందాడు. ఆయన యంత్రం ఒక్కో సిగరెట్‌ను విడిగా చుట్టదు. ఆగకుండా సాగే కాగితపు పట్టీ మీద పొగాకును పరిచి, పట్టీ అంచులను దగ్గరికి చేర్చి అతికించి, ఒకే పొడవాటి కడ్డీగా నడిపించి, తిరిగే కత్తితో ముక్కలు కోస్తుంది. పది గంటల్లో 1,20,000 సిగరెట్లు. అంటే నిమిషానికి 200. సిగరెట్ అందరి వస్తువుగా మారింది ఈ కడ్డీ వల్లే.

బీడీని మాత్రం ఈ యంత్రం మింగలేకపోయింది. కాగితం ఎక్కడ చూసినా ఒకే మందం. బీడీ చుట్టే తునికాకు అలా కాదు. ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండవు, ప్రతి ఆకులో ఈనెలు వేరు, మందం వేరు. అటవీశాఖ కాగితాల్లో దీన్నే ఆబ్నస్ ఆకు అంటారు. ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో అడవి అంచు పల్లెల జనం కోసి, 50 ఆకులకు ఒక కట్ట కడతారు. వెయ్యి కట్టలైతే ఒక బస్తా లెక్క. ఈ ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలోకి తెచ్చిన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1971లో వచ్చింది.

ఆ ఆకు అక్కడినుంచి ఎక్కువగా తెలంగాణలోని నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లకు చేరుతుంది. రాత్రి ఆకు నానబెడతారు. తెల్లారి రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో ఒక్కో ఆకును కత్తిరిస్తారు. గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటారు. చాటలో ఒక పక్క ఆకు, ఒక పక్క తంబాకు. ఎడమ చేతిలో ఆకు, కుడి చేతి మూడు వేళ్లతో తంబాకు చిటికెడు. ఆ చిటికెడు గ్రాములో ఐదో వంతు. తూకం ఎక్కడా ఉండదు, వేళ్లే తూకం. బొటనవేళ్లు రెండూ ఆకును ఒకసారి ముందుకు దొర్లిస్తాయి, కొస మడతపడుతుంది, దారం రెండు చుట్లు తిరిగి తెగుతుంది. ఒకరితో మాట్లాడుతూనే, పక్కన పిల్లాడిని అదిలిస్తూనే ఈ పని సాగుతుంది. కళ్లు ఆకు మీద ఉండవు. రోజుకు 600 నుంచి 1,000 బీడీలు. సాయంత్రం 25 చొప్పున కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోతే, బాగా లేవని కొన్ని తీసేసి మిగిలినవాటికే కూలి లెక్కగడతారు. తీసేసినవాటి ఆకుకు, దారానికి, శ్రమకు లెక్క ఉండదు. ఈ పద్ధతి నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

నేను గుడ్డ పట్టీతో, పెన్సిల్‌తో చేసిన పనిని ఈ ఆడవాళ్లు పది వేళ్లతో చేస్తారు. పొగాకు దుమ్మును పొద్దస్తమానం పీలుస్తారు, తడి తంబాకు నికోటిన్ చర్మంలోంచి కొంత లోపలికి పోతుంది. వెన్ను, మెడ, వేలి కొసలు నొప్పిపెడతాయి.

ఇక పన్ను. పొగాకు మీద పన్ను పొగాకంత పాతదే. బీజాపూర్ నుంచి అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్బరు కొలువుకు పొగాకును, దాన్ని తాగే గొట్టాన్ని తీసుకుపోయింది 1604–05 ప్రాంతంలో. బీజాపూర్ మనకు దూరమేమీ కాదు. ఉత్తరాదికి పొగ మన దక్కన్ మీదుగానే పోయిందన్న మాట. సరిగ్గా అదే 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ పౌను పొగాకు మీద ఉన్న 2 పెన్నీల సుంకానికి మరో 6 షిల్లింగుల 8 పెన్నీలు చేర్చాడు. అంటే సుంకం ఒక్కసారిగా 41 రెట్లయింది.

మన దేశంలో పొగాకు మీద కేంద్ర ఎక్సైజు సుంకం 1943లో, యుద్ధకాలంలో ఖజానా నింపుకోవడానికి వచ్చింది. అప్పుడు పన్ను ఆకు మీదే. ఆకును ఎలా ఆరబెట్టారు, దేనికి వాడతారు అన్నదాన్ని బట్టి రేటు మారేది. పొలాల్లో, గోదాముల్లో ఆకును తూచి రాయడానికి ఎక్సైజు ఉద్యోగులు పల్లెపల్లెకూ తిరగాల్సి వచ్చేది. లక్షల మంది చిన్న రైతులు, ప్రతి ఒక్కరి దగ్గరా కొద్దిపాటి ఆకు. దాన్ని లెక్కబెట్టే ఖర్చు, రైతు పడే వేధింపు రెండూ ఎక్కువే. 1979లో ఆకు మీద సుంకాన్ని ఎత్తేశారు. అప్పటినుంచి బరువంతా తయారైన సరుకు మీద పడింది: సిగరెట్ మీద, బీడీ మీద.

చెయ్యా, యంత్రమా అన్న ప్రశ్న ఇక్కడ బలపడింది. యంత్రం సాయం లేకుండా చుట్టిన బీడీకి ఒక రేటు, యంత్రంతో చేసినదానికి మరో రేటు. 2012 బడ్జెట్‌లో చేతి బీడీలకు సుంకాన్ని వెయ్యికి 8 రూపాయల నుంచి 10కి, యంత్రపు బీడీలకు 19 నుంచి 21కి పెంచారు. వెయ్యికి 10 అంటే బీడీకి ఒక్క పైసా. 25 బీడీల కట్టకు పావలా. 2017 బడ్జెట్‌లో కాగితంతో చుట్టే బీడీల మీద ఈ తేడా ఇంకా పెరిగింది: చేత్తో చుట్టినవాటికి వెయ్యికి 28 రూపాయలు, యంత్రంతో చుట్టినవాటికి 78.

ఈ తేడా వెనక ఉద్దేశం మంచిదే. యంత్రం వస్తే లక్షల ఇళ్లలో ఆడవాళ్ల చేతి పని పోతుంది, దానికి అడ్డుకట్ట వేయాలి. నేను ఆ ఆందోళనను తేలిగ్గా తీసుకోను. నిజామాబాద్ ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. కానీ మంచి ఉద్దేశంతో పెట్టిన గీతను ఎవరు ఎలా వాడుకున్నారో కూడా చూడాలి. చేతి బీడీలకు ఏడాదికి 20 లక్షల దాకా సుంకమే ఉండేది కాదు. 20 లక్షలంటే వినడానికి పెద్ద సంఖ్య. లెక్క వేయండి. రోజుకు 1,000 బీడీల చొప్పున, ఏడాదిలో 300 రోజులు పనిచేస్తే ఒక్క మనిషి 3 లక్షల బీడీలు చుడుతుంది. ఏడుగురు ఆడవాళ్లు చుట్టే సరుకు 20 లక్షలు దాటుతుంది. కాబట్టి పెద్ద వ్యాపారాన్ని కాగితాల మీద ఆరుగురేసి మనుషుల చిన్నచిన్న ముక్కలుగా కోసేస్తే ఏ ముక్కా పన్నుకు అందేది కాదు. పొగ తగ్గలేదు, కూలి పెరగలేదు. మిగిలిన డబ్బు చాట పట్టుకున్న చేతికి రాలేదు.

దీనిమీద నా అభిప్రాయం ఇది: పన్ను కొలవడానికి సులువైన దాన్ని కొలుస్తుంది, సరుకు చేసేవాడు ఆ కొలతకు తగ్గట్టు సరుకునే మార్చేస్తాడు. ఇది మన దేశానికే చెందిన జబ్బు కాదు. ఇందుకు నాకు తెలిసిన అతి స్పష్టమైన ఉదాహరణ అమెరికాలో, అదీ చుట్టుడు పరికరాల చుట్టూ జరిగింది. కొంచెం వివరంగా చెబుతాను.

2009 ఏప్రిల్ 1 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వం పిల్లల ఆరోగ్య బీమాకు డబ్బు కోసం పొగాకు పన్నులు పెంచింది. ఇంట్లో సిగరెట్లు చుట్టుకునే పొగాకు మీద పన్ను పౌనుకు 1.10 డాలర్ల నుంచి ఒక్కసారిగా 24.78 డాలర్లకు ఎగబాకింది. పైపులో తాగే పొగాకు మీద మాత్రం 2.83 డాలర్లకే ఆగింది. రెండూ పొగాకే. పైపుదీ, చుట్టుకునేదీ ఏది ఏదో చట్టం చెప్పిన నిర్వచనంలో పొగాకు గుణం గురించి గట్టి కొలత ఏదీ లేదు. ఎలా కనిపిస్తుంది, దేనికని అమ్ముతున్నారు అన్నదే ముఖ్యం. కంపెనీలు సంచి మీద పేరు మార్చాయి. చుట్టుకునే పొగాకు రాత్రికి రాత్రి పైపు పొగాకైంది. 2009 జనవరిలో నెలకు దాదాపు 2.4 లక్షల పౌన్లు అమ్ముడైన పైపు పొగాకు 2011 సెప్టెంబరుకల్లా నెలకు 30 లక్షల పౌన్లు దాటింది. చుట్టుకునే పొగాకు 20 లక్షల పౌన్ల నుంచి 3.15 లక్షలకు పడిపోయింది. దేశమంతా ఉన్నట్టుండి పైపులు పట్టుకోలేదు.

తర్వాతి మెట్టు పరికరానిది. చేత్తో 200 సిగరెట్లు చుట్టుకోవాలంటే సాయంత్రమంతా పోతుంది. కొన్ని దుకాణాలు పెద్ద యంత్రాలను తెచ్చి పెట్టాయి. కొనుగోలుదారు పైపు పొగాకు కొని, ఖాళీ కాగితపు గొట్టాలు కొని, యంత్రంలో పోసి మీట నొక్కితే పది నిమిషాల లోపే 200 సిగరెట్లు పెట్టెలో పడేవి. మీట నొక్కింది కొనుగోలుదారే కాబట్టి అవి ఇంట్లో చుట్టుకున్నవి అని దుకాణం వాదన. ఇలాంటి యంత్రాన్ని జనానికి అందించే దుకాణం సిగరెట్ తయారీదారే అవుతుందని 2012 జూలైలో చట్టం తెచ్చాక ఆ యంత్రాలు మూలన పడ్డాయి. పైపు పొగాకు తేడా మాత్రం అలాగే మిగిలిపోయింది. చుట్టింది చెయ్యా, యంత్రమా అన్న మన ప్రశ్ననే అక్కడివాళ్లు వేరే భాషలో అడిగారు.

మన సిగరెట్లదీ ఇదే కథ, అయితే అక్కడ కొలబద్ద మిల్లీమీటర్లు. సిగరెట్ పొడవును బట్టి 65, 70, 75 మిల్లీమీటర్ల గీతల దగ్గర పన్ను మారుతుంది. 2012లో 65 మిల్లీమీటర్లలోపు ఫిల్టర్ సిగరెట్లకు తక్కువ రేటుతో విడిగా ఒక అంతస్తు ఇవ్వగానే 64 మిల్లీమీటర్ల సిగరెట్లు మార్కెట్లోకి వచ్చాయి. ఒక్క మిల్లీమీటరు, బియ్యపు గింజ మందమంత. 2014లో ఆ చిన్న సిగరెట్ల మీద సుంకాన్ని 72 శాతం పెంచాల్సి వచ్చింది.

ఊపిరితిత్తి మిల్లీమీటర్లను కొలవదు. ఎవరు చుట్టారో దానికి తెలియదు. దానికి తెలిసింది మంట ఒక్కటే. ముసలాయన బీడీ మాటల మధ్య ఎందుకు ఆరిపోయిందో ఇప్పుడు చెప్పాలి. సిగరెట్ కాగితంలో కాల్షియం కార్బొనేట్ పొడి కలుపుతారు. దానివల్ల కాగితం నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. మంటను నిలబెట్టే లవణాలు కూడా కలుపుతారు. ఎవరూ పీల్చకపోయినా సిగరెట్ తనంతట తాను రగులుతూనే ఉంటుంది. ఆ రంధ్రాల్లోంచి గాలి లోపలికి, కార్బన్ మోనాక్సైడు కొంత బయటికి పోతుంటాయి. తునికాకు అలా ఊపిరి పీల్చదు. మైనపు పూత ఉన్న దిట్టమైన ఆకు. నిప్పు బతకాలంటే మనిషే గాలి లాగాలి. అందుకే బీడీ తాగేవాడు సిగరెట్ తాగేవాడికంటే చాలా ఎక్కువసార్లు, మరింత గట్టిగా లాగుతాడు. పక్కలనుంచి బయటికి పోయే దారి లేని కార్బన్ మోనాక్సైడు నేరుగా గొంతులోకే వస్తుంది. బీడీలో ఉండే పొగాకు సిగరెట్‌లో ఉండేదానిలో దాదాపు నాలుగో వంతే. అయినా అది ఇచ్చే నికోటిన్, తారు సిగరెట్‌కు ఏమాత్రం తీసిపోవు. ఆకులో చుట్టింది కాబట్టి చలవ, కాగితం లేదు కాబట్టి మంచిది అని రచ్చకట్ట దగ్గర వినిపించే మాట పూర్తిగా తప్పు.

ప్రభాత్ ఝా బృందం దేశమంతటా 11 లక్షల ఇళ్లలో జరిగిన మరణాలను పరిశీలించి 2008లో ప్రకటించిన లెక్క ప్రకారం, బీడీ తాగే మగవాళ్ల ఆయుష్షు దాదాపు 6 ఏళ్లు, బీడీ తాగే ఆడవాళ్లది దాదాపు 8 ఏళ్లు తగ్గుతుంది. సిగరెట్ తాగే మగవాళ్లకు 10 ఏళ్లు. అంతకు ముందు 2003లో చెన్నైకి చెందిన వేందన్ గజలక్ష్మి, ఇతరులు తమిళనాడులో చనిపోయిన 43,000 మంది మగవాళ్ల వివరాలను, బతికున్న 35,000 మంది వివరాలతో పోల్చారు. పొగ తాగేవాళ్లు క్షయతో చనిపోయే ప్రమాదం తాగనివాళ్లకంటే నాలుగు రెట్లు ఉందని తేలింది. పొగ అనగానే మనకు క్యాన్సర్ గుర్తొస్తుంది. మన నేల మీద పొగ ఎక్కువగా క్షయకు తలుపు తీస్తుంది. వాయునాళాల గోడల మీద కసవు ఊడ్చే సన్నటి నూగు ఉంటుంది, పొగ దాన్ని మొద్దుబారుస్తుంది. సూక్ష్మజీవులను మింగే కణాల బలం తగ్గుతుంది. చిన్నప్పుడెప్పుడో చేరి నిద్రపోతున్న క్షయ క్రిమి లేస్తుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని ఈ నేలలో, వేరుశనగ పంట పోయిన ఏడు బెంగళూరుకు కూలికి పోయి, ఇరుకు షెడ్లలో పడుకుని, అరకొర తిని తిరిగొచ్చే మనిషికి ఆ లెక్క ఇంకా దగ్గరగా వర్తిస్తుంది. బత్తలపల్లెలోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి ఉంది. క్షయకు, హెచ్ఐవీకి వైద్యం కోసం జనం దూరం నుంచి అక్కడికి వస్తారు. బంకులో కట్ట కొన్న ముసలాయన కూర్చున్న బల్ల నుంచి అది దూరమేమీ కాదు.

2016–17 జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో 7.7 శాతం బీడీ, 4 శాతం సిగరెట్ తాగుతున్నట్టు తేలింది. బీడీయే పెద్దది. పన్నులో మాత్రం చిన్నది. పొగాకు సరుకు ధరలో కనీసం 75 శాతం పన్ను ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సిగరెట్ ధరలో పన్ను సగానికి కాస్త పైన ఉంటే, బీడీ ధరలో దాదాపు 22 శాతం. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీకి ఉన్న 28 శాతాన్ని 18కి, తునికాకుకు ఉన్న 18 శాతాన్ని 5కు తగ్గించాలని నిర్ణయించింది. మిగతా పొగాకు సరుకులకు 40 శాతం. సిగరెట్ల మీద 2026 ఫిబ్రవరి 1 నుంచి వెయ్యికి 2,050 రూపాయల నుంచి 8,500 దాకా ఎక్సైజు సుంకం కూడా చేరింది. చెయ్యా, యంత్రమా అన్న గీత పేరు మార్చుకుని, ఇంకా లోతుగా నిలబడింది.

బీడీ పన్ను తగ్గిస్తే చుట్టే ఆడవాళ్లకు మేలు అన్న వాదన నేను ఒప్పుకోను. వాళ్ల కోసమని ఒకప్పుడు వెయ్యి బీడీలకు 5 రూపాయల సంక్షేమ సెస్సు ఉండేది. 1976 చట్టాల కింద వసూలైన ఆ డబ్బుతో బీడీ కార్మికులకు వైద్యం, పిల్లలకు ఉపకార వేతనాలు, ఇళ్లకు సాయం నడిచేవి. జీఎస్టీ వచ్చినప్పుడు 2017లో ఆ సెస్సును ఎత్తేశారు. బీడీ మీద పన్నంటే ఉపాధి మీద దెబ్బ అని గొంతెత్తినవాళ్లలో ఈ 5 రూపాయలు పోయాయని బాధపడ్డవాళ్లు తక్కువ. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవన భృతి మొదలుపెట్టి, 2019లో దాన్ని 2,016 చేసింది. చుట్టే చేతికి డబ్బు నేరుగా చేర్చడం సాధ్యమేనని అది చూపించింది. నా మట్టుకు నేను కోరేది ఇది: బీడీకైనా సిగరెట్‌కైనా పన్ను ఒక్కో పొగకు వేయాలి. బీడీ మీద వచ్చే పన్నులో ఒక వాటాను పేరు పెట్టి విడదీసి చాట పట్టిన ఆడవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు ఆ చాట కింద పెట్టి వేరే పనికి పోగలిగేదాకా ఇవ్వాలి. ఆరుగురి చొప్పున కాగితాలు కోసుకునే వ్యాపారికి ఇందులో దారి ఉండదు.

ఇదంతా ఆ ముసలాయనకు చెప్పలేదు. ఒకప్పటి కట్టకు పావలా లెక్క మాత్రం చెప్పాను. "పావలానేనా?" అని కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. దారం వేలికి చుట్టుకున్నాడు. ఆ మధ్యలో దగ్గు వచ్చింది, బల్ల అంచు పట్టుకుని వంగిపోయేంత దగ్గు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ఉగాది ముందు నుంచి అన్నాడు. రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష చేయించుకోవాలని, అదిగో ఆసుపత్రి అక్కడే ఉందని చెప్పాను.

కట్టను పంచె ముడిలో దోపుకుని, టీ డబ్బులిచ్చి లేచాడు. నాలుగడుగులు వేసి ఆగి, "పొద్దున ఎన్నింటికి పోవాలప్పా?" అని అడిగాడు.